లైసోజైమ్‌లోని డైసల్ఫైడ్ బంధాన్ని ఫ్రీ రాడికల్ ఏం చేస్తుందో లెక్కతో తేల్చడం ఎలా

“ఫ్రీ రాడికల్స్ ప్రొటీన్లలోని డైసల్ఫైడ్ బంధాలను తెంచుతాయి.” సెమినార్లలో ఈ వాక్యం చెప్పేసి తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోతుంటారు. నాకు ఆ వాక్యంతో పేచీ ఉంది. ఏ రాడికల్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న కణం)? ఎలక్ట్రాన్ ఇచ్చేదా, లాక్కునేదా? బంధం తెగాక సల్ఫర్ ఏ రూపంలో మిగిలింది? ఈ మూడూ చెప్పకపోతే ఆ వాక్యంలో సమాచారం ఏమీ లేనట్టే. ఎందుకంటే ఒకే బంధం ఒక రాడికల్ చేతిలో శుభ్రంగా రెండు థయోల్స్‌గా (సల్ఫర్–హైడ్రోజన్ సమూహాలుగా) మారుతుంది, ఇంకో రాడికల్ చేతిలో ఆక్సిజన్ తగిలించుకుని తిరిగి అతుక్కోలేని ఆమ్లంగా మారుతుంది, మూడో రాడికల్‌ని అసలు పట్టించుకోదు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లు, పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లు ఈ తేడాని తమ చేతులతో చూడాలని ఇది రాస్తున్నాను. కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే లైసోజైమ్ అనే ఎంజైమ్, కాంతి శోషణ కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ ఒకటి, గామా చాంబర్‌లో (శాంపిల్‌కి కోబాల్ట్-60 గామా కిరణాలు ఇచ్చే యంత్రంలో) కొన్ని నిమిషాల సమయం ఉంటే చాలు. గామా చాంబర్ లేనివాళ్లకి చివర్లో ఇంకో దారి చెప్తాను.

ముందు బంధాన్ని అర్థం చేసుకోండి

రెండు సిస్టీన్ల (సల్ఫర్ ఉన్న అమైనో ఆమ్లాల) సల్ఫర్ పరమాణువులు చేతులు కలిపితే డైసల్ఫైడ్ బంధం. దాని పొడవు దాదాపు 2.05 ఆంగ్‌స్ట్రామ్‌లు. కార్బన్–కార్బన్ బంధాన్ని విడగొట్టడానికి మోల్‌కి సుమారు 350 కిలోజౌళ్లు కావాలంటే, దీనికి 250–270 సరిపోతాయి. ప్రొటీన్‌లో ఉన్న సమయోజనీయ బంధాల్లో ఇది బలహీనమైనది. పైగా అదనపు ఎలక్ట్రాన్ వస్తే తీసుకోవడానికి సిద్ధంగా ఉంటుంది.

ఎలక్ట్రాన్ వచ్చి చేరితే అది రెండు సల్ఫర్‌ల మధ్య ఉన్న, బంధాన్ని బలహీనపరిచే ప్రతిబంధక ఆర్బిటల్‌లో కూర్చుంటుంది. బంధం వెంటనే తెగదు, సాగుతుంది. రెండు సల్ఫర్‌ల మధ్య మూడు ఎలక్ట్రాన్లతో నిలిచిన ఈ స్థితిని డైసల్ఫైడ్ రాడికల్ ఆనయాన్ అంటారు. 420 నానోమీటర్ల దగ్గర దీనికి గట్టి శోషణ ఉంటుంది కాబట్టి పల్స్ రేడియాలిసిస్‌లో (క్షణకాలపు ఎలక్ట్రాన్ పల్స్ ఇచ్చి వెంటనే శోషణ కొలిచే పద్ధతిలో) కంటికి కనపడినంత స్పష్టంగా దొరుకుతుంది. ముంబైలో ట్రాంబే దగ్గరి భాభా అణు పరిశోధన కేంద్రంలో 7 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల యాక్సిలరేటర్‌తో ఇలాంటి కొలతలు చేస్తారు.

ఈ ఆనయాన్ ఒకచోట స్థిరంగా ఉండదు. ఒక థయైల్ రాడికల్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న సల్ఫర్), ఒక థయోలేట్‌గా (రుణావేశమున్న సల్ఫర్‌గా) విడిపోతుంది, మళ్లీ కలుస్తుంది. చిన్న అణువుల్లో అయితే రెండు ముక్కలూ ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. ప్రొటీన్‌లో అలా కుదరదు. గొలుసు రెండింటినీ పట్టి ఉంచుతుంది కాబట్టి పక్కపక్కనే ఉండి, అవకాశం దొరికితే తిరిగి అతుక్కుంటాయి. ద్రావణంలో ఆమ్లం ఉంటే ప్రోటాన్ వచ్చి ఆ వెనుదారి మూసేస్తుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి, పీహెచ్ మారిస్తే ఫలితం ఎందుకు మారిందో తర్వాత మీకే తెలుస్తుంది.

హైడ్రాక్సిల్ రాడికల్ దారి వేరు. అది సల్ఫర్ మీద కూర్చోవచ్చు, లేదా ఎలక్ట్రాన్ లాక్కోవచ్చు. లాక్కుంటే డైసల్ఫైడ్ రాడికల్ కేటయాన్ వస్తుంది. కూర్చుని బంధాన్ని విడగొడితే ఒకవైపు సల్ఫెనిక్ ఆమ్లం (ఒక్క ఆక్సిజన్ తగిలిన సల్ఫర్), ఇంకోవైపు థయైల్ రాడికల్ మిగులుతాయి. సల్ఫెనిక్ ఆమ్లం ఇంకా ఆక్సీకరణ చెందితే వెనక్కి తేవడం కష్టం.

సూపర్ ఆక్సైడ్ సంగతి కూడా చెప్పాలి. థీసిస్‌ల పరిచయ అధ్యాయాల్లో దీన్ని కూడా బంధాలు తెంచేవాటి జాబితాలో పెడుతుంటారు. డైసల్ఫైడ్‌తో దాని నేరు చర్య లెక్కలోకి రానంత నెమ్మది. జాబితాలోంచి తీసేయండి.

లైసోజైమే ఎందుకు

చాలామంది చేతికి దొరికింది కదా అని ఆల్బుమిన్‌తో మొదలుపెడతారు. ఆవు సీరమ్ ఆల్బుమిన్‌లో 17 డైసల్ఫైడ్‌లతో పాటు 34వ స్థానంలో ఒక విడి సిస్టీన్ ఉంటుంది. కొన్న సీసాని బట్టి ఆ థయోల్ కొంత స్వేచ్ఛగా, కొంత ఇంకేదో అంటుకుని ఉంటుంది. మొదటి రీడింగే అనుమానాస్పదంగా ఉంటే మిగతా లెక్క ఎక్కడ నిలుస్తుంది?

కోడిగుడ్డు లైసోజైమ్‌లో 129 అమైనో ఆమ్లాలు, 8 సిస్టీన్లు. ఎనిమిదీ జతకట్టే ఉంటాయి: 6–127, 30–115, 64–80, 76–94. విడి థయోల్ ఒక్కటీ లేదు. అంటే రేడియేషన్ ఇవ్వని శాంపిల్‌లో మీకు సున్నా రావాలి. రాకపోతే ప్రయోగం మొదలుకాకముందే తప్పు బయటపడినట్టు. ఇంత నిజాయితీగా పలికే బ్లాంక్ ఇంకో ప్రొటీన్‌తో దొరకడం కష్టం.

మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము తీసుకుంటే సుమారు 70 మైక్రోమోలార్ ప్రొటీన్, అంటే 280 మైక్రోమోలార్ డైసల్ఫైడ్‌లు. గాఢతని తూకంతో నమ్మకండి, పొడిలో తేమ, లవణాలు ఉంటాయి. 280 నానోమీటర్ల దగ్గర చదవండి; మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ద్రావణం 1 సెంటీమీటరు క్యువెట్‌లో దాదాపు 2.6 చూపిస్తుంది. అంత ఎక్కువ రీడింగ్‌ని యంత్రం సరిగ్గా చదవదు కాబట్టి పది రెట్లు పలచన చేసి చదవండి.

బఫర్‌గా 10–20 మిల్లీమోలార్ ఫాస్ఫేట్, పీహెచ్ 7. ట్రిస్ వద్దు, అది హైడ్రాక్సిల్ రాడికల్స్‌ని తినేస్తుంది. రేడియేషన్ ఇచ్చే ద్రావణంలో ఈడీటీఏ (లోహాలని పట్టే కారకం) కూడా వద్దు, అదే కారణం. గ్లిసరాల్, అజైడ్ ఉన్న స్టాక్‌లు వాడాల్సి వస్తే ముందు డయాలిసిస్ చేయండి.

రాడికల్‌ని మీరే ఎంచుకోండి

అసలు పని ఇక్కడే ఉంది.

నీటిలోకి గామా కిరణాలు వెళ్తే మూడు ముఖ్యమైన రాడికల్స్ పుడతాయి. ఒక జౌల్ శక్తికి హైడ్రాక్సిల్ రాడికల్ 0.28 మైక్రోమోళ్లు, నీటిలో తిరిగే ఎలక్ట్రాన్ దాదాపు అంతే, హైడ్రోజన్ పరమాణువు 0.06. ఒకటి లాక్కునేది, ఒకటి ఇచ్చేది. రెండూ కలిసి ఉన్న ద్రావణంలో ప్రొటీన్ పెట్టి “రాడికల్స్ ఇలా చేశాయి” అనడం, ఇద్దరు ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరు ఏమన్నారో రాసుకోవడం లాంటిది. అందుకే ముందు ఒకరి నోరు మూయించాలి.

మొదటిసారి చేసేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఫార్మేట్ పద్ధతి. ద్రావణాన్ని నైట్రస్ ఆక్సైడ్‌తో నింపండి. అది ఎలక్ట్రాన్‌ని పట్టుకుని దాన్నీ హైడ్రాక్సిల్ రాడికల్‌గా మార్చేస్తుంది. ఇప్పుడు హైడ్రాక్సిల్ దిగుబడి జౌల్‌కి 0.56. అందులో 0.1 మోలార్ సోడియం ఫార్మేట్ ఉంటే హైడ్రాక్సిల్ దాని హైడ్రోజన్ లాక్కుని కార్బన్ డయాక్సైడ్ రాడికల్ ఆనయాన్‌ని ఇస్తుంది. హైడ్రోజన్ పరమాణువు కూడా అదే పని చేస్తుంది. మొత్తం కలిపి జౌల్‌కి సుమారు 0.62 మైక్రోమోళ్లు, ఒకే రకం రాడికల్. ఇది ఎలక్ట్రాన్ ఇచ్చేది. ప్రొటీన్‌లో అది వెతుక్కునేది ప్రధానంగా డైసల్ఫైడ్‌నే.

ప్రొటీనే ముందు హైడ్రాక్సిల్‌ని పట్టేయదా అని మీకు అనుమానం రావాలి. లెక్క వేయండి. ఫార్మేట్‌తో హైడ్రాక్సిల్ చర్యా వేగ స్థిరాంకం సుమారు 3×10⁹, 0.1 మోలార్‌తో గుణిస్తే సెకనుకు 3×10⁸. ప్రొటీన్‌తో 5×10¹⁰ అనుకున్నా, 70 మైక్రోమోలార్‌తో గుణిస్తే 3.5×10⁶. అంటే వంద హైడ్రాక్సిల్స్‌లో ఒకటి మాత్రమే ప్రొటీన్‌ని తాకుతుంది. ఇలాంటి చిన్న లెక్క మీ నోట్‌బుక్‌లో ఉంటే వైవాలో సగం ప్రశ్నలు రావు.

నీటి ఎలక్ట్రాన్ ఒక్కటే కావాలంటే నైట్రస్ ఆక్సైడ్‌కి బదులు నైట్రోజన్ పంపి, టెర్షియరీ బ్యుటనాల్ కలపండి. అది హైడ్రాక్సిల్‌ని తీసేస్తుంది. కానీ ఎలక్ట్రాన్ చాలా చురుకైనది. హిస్టిడిన్‌నీ ట్రిప్టోఫాన్‌నీ కూడా వదలదు, కొంత అక్కడే ఖర్చయిపోతుంది. హైడ్రాక్సిల్ ఒక్కటే కావాలంటే నైట్రస్ ఆక్సైడ్ ఉంచి ఫార్మేట్ మానేయండి. ఈ మూడు సెట్లూ పక్కపక్కన చేస్తేనే పైన చెప్పిన తేడా కనిపిస్తుంది. సమయం తక్కువగా ఉంటే మొదటిదీ మూడోదీ చేయండి.

ఆక్సిజన్‌ని బయటకి పంపడం

ఈ ప్రయోగం నేను మొదటిసారి చేసినప్పుడు 50, 100, 200 గ్రేల (గ్రే అంటే కిలోకి ఒక జౌల్ రేడియేషన్ శక్తి) దగ్గర థయోల్ రీడింగ్ సున్నా వచ్చింది. థయోల్స్‌ని లెక్కపెట్టే కారకం డీటీఎన్‌బీ పాడైందనుకుని కొత్తది తెప్పించాం. మళ్లీ సున్నా. ప్రొటీన్ మార్చాం, బఫర్ మార్చాం. ఆరు వారాలు పోయాయి. ఆ రోజుల్లో నిద్ర పట్టేది కాదు, అంత టెన్షన్. తప్పు ఎక్కడుందో చివరికి కాగితం మీద లెక్క వేస్తే దొరికింది: నేను గ్యాస్ పంపింది ఐదు నిమిషాలే.

లెక్క ఇదీ. గాలి తగిలిన నీటిలో ఆక్సిజన్ దాదాపు 250 మైక్రోమోలార్ ఉంటుంది. 100 గ్రేల మోతాదులో పుట్టే కార్బన్ డయాక్సైడ్ రాడికల్ 62 మైక్రోమోలార్. ఈ రాడికల్‌కి ఆక్సిజన్ అంటే మహా ఇష్టం, దాన్ని చూస్తే డైసల్ఫైడ్ జోలికి పోదు. ఎలక్ట్రాన్‌ని ఆక్సిజన్‌కి ఇచ్చేసి సూపర్ ఆక్సైడ్ చేస్తుంది. ఆ సూపర్ ఆక్సైడ్ రెండేసి కలిసి హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారేటప్పుడు సగం ఆక్సిజన్ మళ్లీ తిరిగొస్తుంది. కాబట్టి మొత్తం ఆక్సిజన్ అయిపోవాలంటే దాదాపు 800 గ్రేలు కావాలి. నేను 200 దగ్గర ఆగి డీటీఎన్‌బీని తిట్టుకున్నాను.

ఒకవేళ కొంచెం డైసల్ఫైడ్ రాడికల్ ఆనయాన్ పుట్టినా ఆక్సిజన్ దాని ఎలక్ట్రాన్‌ని కూడా లాక్కుని బంధాన్ని మొదటికి తెచ్చేస్తుంది. రెండు వైపులా నష్టమే.

ఇలా చేయండి. ఫార్మేట్ ఉన్న బఫర్‌ని గాజు సీసాలో పోసి, రబ్బరు సెప్టం బిగించి, పొడవాటి సూది అడుగుదాకా దించి గ్యాస్ పంపండి. ఇంకో పొట్టి సూది బయటకి వెళ్లే దారి. 30 నిమిషాలకి తగ్గించకండి. ప్రొటీన్ ఉన్న ద్రావణంలో మాత్రం బుడగలు పంపకండి: నురగ కడుతుంది, నురగలో ప్రొటీన్ చెడిపోతుంది. ప్రొటీన్‌ని చిక్కటి స్టాక్‌గా విడిగా పెట్టుకుని, దాని పైభాగంలో మాత్రం గ్యాస్ తిరిగేలా చేసి, అప్పుడప్పుడూ మెల్లగా తిప్పండి. తర్వాత గ్యాస్-టైట్ సిరంజితో తీసి బఫర్‌లోకి ఇంజెక్ట్ చేయండి.

సెప్టం కూడా ఎల్లకాలం ఆపదు, రబ్బరులోంచి ఆక్సిజన్ మెల్లగా దిగుతుంది. ఉదయం తయారు చేసినవి ఆరోజే వాడాలి. నైట్రస్ ఆక్సైడ్ మత్తుకి వాడే వాయువు కాబట్టి కిటికీలు తెరిచి, ఫ్యూమ్‌హుడ్‌లోనే పని చేయండి.

మోతాదు ఇవ్వడం

గామా చాంబర్‌ని శిక్షణ పొందిన ఆపరేటరే నడుపుతారు. మీ పని శాంపిల్‌ని సరైన చోట పెట్టించడం, సమయం సరిగ్గా చెప్పడం. ఇంట్లో వాళ్లు భయపడితే చెప్పండి: కోబాల్ట్-60 గామా కిరణాలు తగిలినంత మాత్రాన శాంపిల్ రేడియోధార్మికం కాదు. గాజు సీసా మాత్రం గోధుమ రంగుకి తిరుగుతుంది, కంగారు పడకండి.

చాంబర్ మీద అంటించిన డోస్‌రేటు పాతదై ఉండవచ్చు. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 ఏళ్లు, అంటే నెలకి దాదాపు 1 శాతం తగ్గుతుంది. సరిగ్గా మీ సీసా పెట్టే చోట ఫ్రిక్ ద్రావణంతో కొలుచుకోండి. 1 మిల్లీమోలార్ ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్, 1 మిల్లీమోలార్ ఉప్పు, 0.4 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం, గాలి తగిలిన ద్రావణం. రేడియేషన్ ఇచ్చాక 304 నానోమీటర్ల దగ్గర శోషణ ఎంత పెరిగిందో చూసి 278తో గుణిస్తే గ్రేలలో మోతాదు వస్తుంది. 25 డిగ్రీల దగ్గర, 1 సెంటీమీటరు క్యువెట్‌కి ఈ సంఖ్య.

లైసోజైమ్‌కి 0, 50, 100, 200, 400 గ్రేలు ఇవ్వండి. డోస్‌రేటు గంటకి 2 కిలోగ్రేలు అయితే 100 గ్రేలకి 3 నిమిషాలు. సున్నా శాంపిల్‌ని కూడా అదే గ్యాస్, అదే ఫార్మేట్‌తో తయారు చేసి, చాంబర్ పక్కన బల్ల మీద అంతసేపూ ఉంచాలి. ఫ్రిజ్‌లో వదిలేసి వస్తే అది కంట్రోల్ కాదు.

థయోల్స్ లెక్కపెట్టడం

1959లో ఎల్‌మన్ చెప్పిన డీటీఎన్‌బీ పద్ధతే ఇప్పటికీ చవకైనది, నమ్మదగినది. థయోల్ తగలగానే డీటీఎన్‌బీ రెండుగా విడిపోయి పసుపు రంగు వస్తుంది.

0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్, పీహెచ్ 8.0, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ. ఇక్కడ ఈడీటీఏ ఉండొచ్చు, ఉండాలి కూడా. లోహాల జాడ ఉంటే థయోల్స్ గాలికి తిరిగి కలిసిపోతాయి. డీటీఎన్‌బీ మిల్లీలీటరుకు 4 మిల్లీగ్రాములు, ఆరోజే కలుపుకోండి. సీసా తెరవగానే 0.5 మిల్లీలీటర్ల శాంపిల్, 2.45 మిల్లీలీటర్ల బఫర్, 0.05 మిల్లీలీటర్ల డీటీఎన్‌బీ కలిపి 15 నిమిషాలు ఆగి 412 నానోమీటర్ల దగ్గర చదవండి. సీసా తెరిచి టీకి వెళ్లకండి. పీహెచ్ 8 దగ్గర కొత్తగా పుట్టిన థయోల్ పక్కన మిగిలి ఉన్న డైసల్ఫైడ్‌తో చేయి మార్చుకుంటుంది, గాలితో కూడా కలుస్తుంది.

ఒక ఉదాహరణ. 100 గ్రేల శాంపిల్‌లో బ్లాంక్ తీసేశాక 0.10 వచ్చిందనుకుందాం. 0.10ని 14,150తో (ఆ పసుపు రంగు మోలార్ శోషణ గుణకం) భాగిస్తే క్యువెట్‌లో 7.07 మైక్రోమోలార్. ఆరు రెట్లు పలచన చేశాం కాబట్టి అసలు శాంపిల్‌లో 42 మైక్రోమోలార్ థయోల్. అందుబాటులో ఉన్న రాడికల్స్ 62. ఒక డైసల్ఫైడ్ పూర్తిగా రెండు థయోల్స్ కావాలంటే రెండు ఎలక్ట్రాన్లు కావాలి, అంటే ఎలక్ట్రాన్‌కి ఒక థయోల్. 42ని 62తో భాగిస్తే 68 శాతం. ఒక్కో లైసోజైమ్ అణువుకి 0.6 థయోల్.

డీటీఎన్‌బీ చేరలేనంత లోపల దాగిన థయోల్స్ కూడా ఉంటాయి. అదే కొలతని గ్వానిడీన్ హైడ్రోక్లోరైడ్‌తో ప్రొటీన్‌ని విప్పి ఇంకోసారి చేయండి. అక్కడ 14,150కి బదులు 13,700 వాడాలి. రెండు రీడింగ్‌ల మధ్య తేడా ఉంటే అది లోపల దాగిన థయోల్.

ఇప్పుడు మోతాదుకి ఎదురుగా థయోల్ గ్రాఫ్ గీయండి. దాని ఆకారం మీతో మాట్లాడుతుంది. గీత సున్నా నుంచే లేస్తే ఆక్సిజన్ పోయినట్టు. కొంత దూరం నేల మీద పాకి తర్వాత లేస్తే, పాకినంత మేర ఆక్సిజన్ మిగిలి ఉంది, గ్యాస్ ఇంకాసేపు పంపాలి. పై మోతాదుల్లో వంగిపోతే పుట్టిన థయోల్స్ కొత్త రాడికల్స్‌ని తాము తీసుకుంటున్నాయి, తక్కువ మోతాదుల వాలునే లెక్కకి తీసుకోండి.

ఇంకో చిత్రం చూడొచ్చు. ఇదే ప్రయోగం పీహెచ్ 5 దగ్గర చేస్తే కొన్ని ప్రొటీన్లలో రాడికల్స్ కంటే థయోల్స్ ఎక్కువ వస్తాయి. నూటికి నూరు దాటిందని లెక్క తప్పు అనుకోకండి. ఆమ్లంలో డైసల్ఫైడ్ రాడికల్ ప్రోటాన్ తీసుకుని విడిపోతుంది, మిగిలిన థయైల్ రాడికల్ ఫార్మేట్ నుంచి హైడ్రోజన్ తీసుకుని థయోల్ అవుతుంది. ఫార్మేట్ మళ్లీ కార్బన్ డయాక్సైడ్ రాడికల్‌గా మారి ఇంకో డైసల్ఫైడ్ దగ్గరికి పోతుంది. గొలుసు చర్య అన్నమాట. 1990లో రోగనిరోధక గ్లోబ్యులిన్‌తో సహా మూడు ప్రొటీన్ల మీద ఈ సంగతి వివరంగా చూపించారు. నాకు ఈ రసాయనంలో అన్నిటికంటే నచ్చే ఘట్టం ఇదే: నష్టం కలిగించేదని మనం పేరు పెట్టిన థయైల్ రాడికల్ ఇక్కడ గొలుసుని ముందుకి నడుపుతోంది.

హైడ్రాక్సిల్ సెట్‌లో సున్నా వస్తే

ఫార్మేట్ లేని సెట్‌లో థయోల్ రీడింగ్ చాలా తక్కువ రావచ్చు. దాన్ని చూసి “హైడ్రాక్సిల్ డైసల్ఫైడ్‌ని ఏమీ చేయలేదు” అని రాయకండి. రెండు కారణాలున్నాయి. హైడ్రాక్సిల్‌కి ఎంపిక లేదు. ట్రిప్టోఫాన్, టైరోసిన్, మెథియోనిన్, ఏది ఎదురైతే దాన్ని తాకుతుంది. డైసల్ఫైడ్‌ని తాకినప్పుడు కూడా సల్ఫర్ థయోల్‌గా కాక ఆక్సిజన్ తగిలించుకున్న రూపంలోకి పోతుంది, వాటిలో సల్ఫినిక్, సల్ఫోనిక్ ఆమ్లాలు డీటీఎన్‌బీకి అసలు కనపడవు.

కాబట్టి పుట్టినది మాత్రమే కాదు, పోయినది కూడా కొలవాలి. సల్ఫైట్ సమక్షంలో ఎన్‌టీఎస్‌బీ కారకంతో మిగిలిన డైసల్ఫైడ్‌ల లెక్క తీయొచ్చు. అది కూడా 412 నానోమీటర్ల దగ్గరే చదువుతారు. మొదట ఉన్న నాలుగు బంధాల్లోంచి మిగిలినవి తీసేయండి. పోయిన బంధాలకి రెట్టింపు థయోల్స్ కనపడితే క్షయకరణం జరిగింది. బంధాలు పోయి థయోల్స్ రాకపోతే సల్ఫర్ ఆక్సీకరణ వైపు వెళ్లింది. మొదట్లో నేను అడిగిన మూడు ప్రశ్నల్లో చివరిదానికి జవాబు ఈ ఒక్క తీసివేతలో ఉంది.

ఎంజైమ్ పనితనం తగ్గింది కాబట్టి డైసల్ఫైడ్ తెగింది అని మాత్రం ఎప్పుడూ అనకండి. లైసోజైమ్‌లో ఆరు ట్రిప్టోఫాన్‌లున్నాయి, వాటిలో 62వది సబ్‌స్ట్రేట్ కూర్చునే చోటే ఉంది. అది పాడైనా పని ఆగుతుంది.

గామా చాంబర్ లేకపోతే

అతినీలలోహిత కాంతితో కూడా ఎలక్ట్రాన్‌ని డైసల్ఫైడ్‌కి అందించవచ్చు. ట్రిప్టోఫాన్ కాంతి తీసుకుని ఎలక్ట్రాన్ వదులుతుంది, అది పక్కనున్న డైసల్ఫైడ్ మీదకి చేరుతుంది. లైసోజైమ్‌లోనూ ఆల్ఫా-లాక్టాల్బుమిన్‌లోనూ ఇలా బంధం తెగడం తెలిసిన విషయమే. 295 నానోమీటర్ల ఎల్‌ఈడీ లేదా మోనోక్రోమేటర్ వాడండి. ల్యామినార్ హుడ్‌లో ఉండే 254 నానోమీటర్ల దీపం వద్దు. ఆ కాంతిని డైసల్ఫైడ్ తానే నేరుగా తీసుకుని తెగుతుంది, ఎవరి పనో చెప్పలేరు. క్యువెట్ క్వార్ట్జ్‌ది కావాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

ఈ దారిలో ఎన్ని రాడికల్స్ పుట్టాయో గామా అంత కచ్చితంగా తెలియదు. కాలానికి ఎదురుగా థయోల్ గ్రాఫ్ వస్తుంది, అంతే. ట్రిప్టోఫాన్ ప్రతిదీప్తిని సాక్ష్యంగా వాడకండి: ట్రిప్టోఫాన్ పాడైతే అది తగ్గుతుంది, పక్కన డైసల్ఫైడ్ తెగితే పెరగవచ్చు, రెండూ కలిసి అర్థం కాని గీత వస్తుంది. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో బయోసిమిలర్ల (జీవ ఔషధాలకి నకళ్ల) ఉద్యోగాలకి వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం ఈ ప్రయోగం తప్పకుండా చేయండి. ఒక్కో ఐజీజీ1 యాంటీబాడీలో 16 డైసల్ఫైడ్‌లుంటాయి, కాంతి తగిలితే మందు ఎలా మారుతుందో పరీక్షించడం ఆ పరిశ్రమలో రోజువారీ పని.

ఏ బంధం తెగిందో చూడాలంటే

డీటీఎన్‌బీ సంఖ్య చెప్తుంది, చిరునామా చెప్పదు. దానికోసం శాంపిల్‌లో కొంత భాగాన్ని సీసా తెరిచిన క్షణంలోనే ఎన్-ఈథైల్ మాలిమైడ్‌తో మూసేయండి: పీహెచ్ 7, చివరి గాఢత 10 నుంచి 20 మిల్లీమోలార్, చీకటిలో 30 నిమిషాలు. ఈ పని రేపు చేద్దామంటే థయోల్స్ చోట్లు మార్చుకుంటాయి, మీకు దొరికేది రాడికల్ తెంచిన బంధం కాదు, రాత్రంతా జరిగిన మార్పిడి.

మూసిన శాంపిల్‌ని ముందు ఎస్‌డీఎస్ జెల్‌లో (ప్రొటీన్లని బరువు ప్రకారం విడదీసే జెల్) రెండు గాడుల్లో నడపండి, ఒకదాంట్లో డైసల్ఫైడ్‌లని తెంచే మెర్కాప్టోఇథనాల్ వేసి, ఇంకోదాంట్లో వేయకుండా. 28 కిలోడాల్టన్ల దగ్గర జంట బ్యాండు కనపడి, మెర్కాప్టోఇథనాల్‌తో మాయమైతే అది రెండు అణువుల మధ్య కొత్తగా కుదిరిన డైసల్ఫైడ్. మాయం కాకపోతే ఇద్దరు టైరోసిన్లు అతుక్కుని ఉండొచ్చు. 320 దగ్గర ఉత్తేజితం చేస్తే 400–410 నానోమీటర్ల దగ్గర వెలుగుతుందేమో చూడండి.

మిగిలింది మాస్ స్పెక్ట్రోమెట్రీకి పంపండి. మూసిన ప్రతి సిస్టీన్‌కి 125 డాల్టన్ల పెరుగుదల ఉంటుంది. హైడ్రాక్సిల్ సెట్‌లో 16, 32, 48 పెరిగిన పెప్టైడ్‌ల కోసం వెతకమని అడగండి. వెతకడం 6, 127 స్థానాలున్న పెప్టైడ్‌లతో మొదలుపెట్టమనండి. డీటీటీలాంటి క్షయకరణ కారకాలతో లైసోజైమ్‌లో ముందుగా తెగేది ఆ బంధమే, పక్కనే ధనావేశమున్న ఆర్జినిన్ కూడా ఉంది, ఎలక్ట్రాన్‌ని అటువైపు పిలవడానికి. పంపే సీసా మీద మోతాదు, గ్యాస్, ఫార్మేట్ ఉందా లేదా, పీహెచ్, మూసిన సమయం, ఈ ఐదూ చెరిగిపోని పెన్‌తో రాయండి.